పొడి దులిపితే పోతుందా?: అణ్వాయుధాల రేడియేషన్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి శీర్షికంతా అణుబాంబు రేడియేషన్‌కే కేటాయించాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం. ముందుగా కొలతల మాట. శరీరం పీల్చుకున్న రేడియేషన్‌ను గ్రేలలో, దానివల్ల కలిగే హానిని సీవర్టుల్లో చెబుతారు. గామా కిరణాల వరకు రెండూ ఇంచుమించు ఒకటే అనుకుని చదువుకోవచ్చు. సీవర్టులో వెయ్యోవంతు మిల్లీసీవర్టు. ఏ బాంబూ పడని చోట కూడా నేల, ఆకాశం, గాలి, తిండి కలిసి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఇస్తూనే ఉంటాయి.

ప్రశ్న: హిరోషిమా మీద బాంబు పడింది. అక్కడ ఇవాళ లక్షలమంది ఉంటున్నారు. చెర్నోబిల్‌లో బాంబే పడలేదు, అయినా ఆ చుట్టుపక్కల ఇప్పటికీ జనాన్ని ఉండనివ్వరు. ఇదేం లెక్క?

జవాబు: సరుకు ఎంత ఉంది, అది ఎంత ఎత్తున పేలింది అన్న రెండు సంగతుల దగ్గరే ఈ లెక్క తేలిపోతుంది. హిరోషిమా బాంబులో ఉన్న యురేనియం సుమారు 64 కిలోలు. అందులో నిజంగా విచ్ఛిత్తి అయింది, అంటే పరమాణువులు చీలి శక్తినిచ్చింది, కిలోకన్నా తక్కువే. 1986లో పేలిన చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రపు నాలుగో రియాక్టర్‌లో ఉన్న ఇంధనం దాదాపు 190 టన్నులు. పైగా అది చాలాకాలం మండిన ఇంధనం, దశాబ్దాలు నిలిచే సీజియం, స్ట్రాన్షియంలను కడుపులో పోగేసుకుని ఉంది. ఆ రియాక్టర్ నుంచి బయటపడ్డ సీజియం, హిరోషిమా బాంబు వదిలినదానికి కొన్ని వందల రెట్లు.

ఇక ఎత్తు. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి ఆ బాంబు నేలకు సుమారు 600 మీటర్ల పైన పేలింది. అగ్నిగోళం నేలను తాకలేదు. తాకి ఉంటే వేల టన్నుల మట్టి ఆవిరై పైకి లేచేది. విచ్ఛిత్తిలో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు ఆ మట్టికి పట్టుకుని, చల్లారి, ఇసుక రేణువుల్లా చుట్టుపక్కలే రాలేవి. దీన్నే ఫాలౌట్ అంటారు. మనం అణుధూళి అనుకుందాం. హిరోషిమాలో ఆ పదార్థాల్లో ఎక్కువ భాగం మేఘంతోపాటు పైకి వెళ్లి, ప్రపంచమంతా పలచబడింది. కొంత మాత్రం మసితో కలిసి నల్లవానగా ఊరి పడమటి వైపున కురిసింది.

నేలలో మిగిలినది ఇంకో రకం. బాంబు నుంచి వచ్చిన న్యూట్రాన్లు మట్టిలోని మామూలు మూలకాలనే రేడియోధార్మికంగా మార్చాయి. వాటి ఆయుష్షు తక్కువ. అల్యూమినియం-28 సగం కావడానికి పట్టేది 2.2 నిమిషాలు, మాంగనీస్-56కి 2.6 గంటలు, సోడియం-24కి 15 గంటలు. అయినవాళ్లను వెతుక్కుంటూ మొదటి ఒకటి రెండు రోజుల్లో ఊళ్లోకి నడిచినవాళ్లకు ఇది కొంత తగిలింది. వారం గడిచేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ నేల మీద 75 ఏళ్లపాటు గడ్డి కూడా మొలవదని అప్పట్లో పుకారు పుట్టింది. మరుసటి ఏడాదే గన్నేరు పూసింది. ఇవాళ ఆ నగరపు పువ్వు గన్నేరే.

దీన్నిబట్టి అణుబాంబుతో రేడియేషన్ భయం లేదని మాత్రం అనుకోకండి. అదే బాంబు నేలమీద పేలి ఉంటే ఈ జవాబు వేరుగా ఉండేది.

ప్రశ్న: పేలిన క్షణంలో వచ్చే కిరణాలు ఎంత దూరం వస్తాయి? పది కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లు కూడా పోతారా?

జవాబు: ఆ కిరణాల వల్ల కాదు. మొదటి నిమిషంలో వెలువడే గామా, న్యూట్రాన్ కిరణాలను గాలే చాలావరకు మింగేస్తుంది. హిరోషిమాలో అడ్డేమీ లేకుండా బయట ఉన్న మనిషికి పేలుడు కేంద్రం నుంచి ఒక కిలోమీటరు దూరంలో సుమారు 4 గ్రేలు తగిలింది. ఒకటిన్నర కిలోమీటర్ల దగ్గర అది అర గ్రే, రెండు కిలోమీటర్ల దగ్గర 0.08, రెండున్నర దగ్గర 0.013. ప్రతి అర కిలోమీటరుకూ ఎంతెంత పడిపోతోందో చూడండి.

బాంబు పెద్దదయ్యేకొద్దీ వేడి, పేలుడు తాకిడి ఈ కిరణాలకన్నా చాలా ముందుకు పోతాయి. మెగాటన్ను (పదిలక్షల టన్నుల టీఎన్‌టీకి సమానం) బాంబు కిరణాలు అందే దూరంలో ఉన్నవాడిని వేడే ముందు చంపేస్తుంది. దూరాన ఉన్నవాళ్లు లెక్కచేయాల్సింది గాలివాటున వచ్చే ధూళిని.

ప్రశ్న: ఆ ధూళి రాలాక ఇంట్లో ఎన్ని రోజులు దాక్కోవాలి? ఒకరు రెండు రోజులంటారు, ఒకరు నలభై ఏళ్లంటారు.

జవాబు: ఇద్దరూ ఏదో ఒకటి చదివే చెబుతున్నారు, కాకపోతే వేరువేరు సరుకు గురించి. తాజా అణుధూళిలో వందల రకాల ఐసోటోపులు, అంటే రేడియోధార్మిక పరమాణువులు, ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం నిమిషాల్లో, గంటల్లో చచ్చిపోయేవే. అందువల్ల మొత్తం తీవ్రత మొదట్లో దబదబా పడిపోతుంది, తరువాత నిదానిస్తుంది. దీనికి పాతకాలం నుంచీ ఒక గుర్తు ఉంది: పేలినప్పటి నుంచి గడిచిన కాలం ఏడు రెట్లైతే తీవ్రత పదోవంతవుతుంది.

లెక్క వేసి చూద్దాం. పేలిన గంటకు ఒకచోట బయట తీవ్రత గంటకు 1 గ్రే ఉందనుకోండి. ఏడు గంటలకు 0.1 అవుతుంది. 49 గంటలకు, అంటే రెండు రోజులు దాటాక, 0.01. రెండు వారాలకు 0.001. ఇప్పుడు మనిషికి తగిలే మొత్తం చూడండి. మొదటి గంట చివర నుంచి ఏడో గంట దాకా బయటే నిలబడితే 1.6 గ్రేలు. అక్కడి నుంచి 24వ గంట దాకా మరో 0.7. రెండో రోజు మొత్తానికీ కలిపి 0.34 మాత్రమే. మొదటి రోజు మోతాదులో మూడింట రెండు వంతులు ఆ తొలి ఆరు గంటల్లోనే ఉంది. ఇంట్లోంచి ఎప్పుడు బయటికి రావాలన్న ప్రశ్నకన్నా, ఎంత తొందరగా లోపలికి వెళ్లామన్నదే ప్రాణం నిలబెడుతుంది. కనీసం 24 గంటలు కదలకుండా ఉండండి, తరువాత అధికారుల ప్రకటన వినండి అని చెప్పేది ఇందుకే.

మూడు హెచ్చరికలు. గంటలు లెక్కపెట్టాల్సింది పేలిన క్షణం నుంచి, ధూళి మీ ఇంటికి చేరినప్పటి నుంచి కాదు. ధూళి ఇంకా రాలుతుండగా ఈ లెక్క పనిచేయదు, రాలడం ఆగాకే. రియాక్టర్ ప్రమాదానికి దీన్ని అస్సలు వాడకూడదు. అక్కడి సరుకులో పొట్టి ఆయుష్షు గలవి ముందే పోయి ఉంటాయి కాబట్టి తగ్గుదల చాలా నెమ్మది. నలభై ఏళ్ల మాట అటునుంచే వచ్చి ఉంటుంది.

ప్రశ్న: మాది అయిదంతస్తుల భవనం. ఏ అంతస్తులో ఉండాలి? కిటికీలకు ప్లాస్టిక్ షీట్లు అతికిస్తే సరిపోతుందా?

జవాబు: ధూళి ఎక్కడ ఆగుతుందో ఊహించుకోండి: మీ పైకప్పు మీద, కింద నేలమీద. ఈ రెండింటికీ వీలైనంత దూరంగా, మధ్య అంతస్తులో, భవనం నడిమధ్యలో, కిటికీల్లేని చోట ఉండాలి. మెట్ల దారి, లోపలి నడవా, స్నానాలగది లాంటివి మేలు. పక్కింటి డాబా మీ కిటికీ ఎత్తులో ఉంటే ఆ డాబా మీది ధూళి మిమ్మల్ని నేరుగా చూస్తున్నట్టే, ఆ అంతస్తు వదిలేయండి. నేలమాళిగ ఉంటే అదే మొదటి ఎంపిక.

గామా కిరణాలను ఆపేది బరువు. అణుధూళి గామాను సగానికి తగ్గించడానికి ఉక్కు అయితే సుమారు 2 సెంటీమీటర్లు, కాంక్రీటు 6, గట్టిగా దట్టించిన మట్టి 9, నీళ్లు 12, చెక్క 20 పైచిలుకు కావాలి. ఈ మందం మీద మందం పేర్చుకుంటూ పోతే సగంలో సగం, అందులో సగం అవుతుంది. పది పొరలకు వెయ్యోవంతు. 90 సెంటీమీటర్ల మట్టి ఈ పని చేస్తుంది. పలచని చెక్క ఇల్లు సగానికో మూడోవంతుకో తగ్గిస్తుంది, ఇంటి నేలమాళిగ పదోవంతుకు, పెద్ద కాంక్రీటు భవనపు మధ్యభాగం నూరోవంతుకు లేదా అంతకంటే తక్కువకు. కారు దాదాపు దేనికీ పనికిరాదు. కారులో పారిపోదామనుకునే ఆలోచన అందుకే ప్రమాదకరం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ధూళి నెత్తిమీదే రాలుతుంది.

ప్లాస్టిక్ షీటు కిరణాలను ఆపదు. ధూళిని మాత్రం ఆపుతుంది. దానికి తలుపులు, కిటికీలు మూసి, బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు, ఏసీ ఆపేస్తే చాలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్ రెండు వారాలు ఆగదు, రాత్రికి రాత్రే చంపేస్తుంది.

ప్రశ్న: బయట ఉండగా ధూళి మీద పడింది. స్నానం చేస్తే పోతుందా?

జవాబు: పోతుంది. రేడియేషన్‌ను కడగలేం, రేడియేషన్ ఇచ్చే పొడిని కడగగలం. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా ఇల్లు శుభ్రం చేసే తెలివే. కాకపోతే వరస తప్పకూడదు.

గుమ్మంలోనే, గదుల్లోకి రాకముందే, పైబట్టలు, చెప్పులు విప్పేయండి. దులపకండి, దులిపితే పొడి లేచి ముక్కులోకి పోతుంది. చొక్కాను తలమీదుగా లాగకుండా గుండీలు విప్పి, లేదా కత్తిరించి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ తీయండి. మనిషి మీదున్న ధూళిలో 80 నుంచి 90 శాతం ఇక్కడితోనే పోతుంది. ఆ బట్టల్ని సంచిలో వేసి మూతి కట్టి, మనుషులు మసలని మూలకు నెట్టేయండి.

తరువాత గోరువెచ్చని నీళ్లు, సబ్బు. ముందు తల. తల వంచి కడిగితే నీళ్లు ముఖం మీదికి, నోట్లోకి రావు. షాంపూ వాడొచ్చు, కండిషనర్ వద్దు. అది వెంట్రుకలకు పొరలా పట్టి రేణువుల్ని అక్కడే బిగించేస్తుంది. ఒళ్లు పీచుతో రుద్దకండి. చర్మం గీసుకుంటే ధూళికి లోపలికి దారి దొరుకుతుంది. పుండ్లు, గాయాలు ఉంటే ముందు వాటిని కప్పి, తరువాత మిగతా ఒళ్లు కడగాలి. చివర్లో ముక్కు చీది, కనురెప్పలు, రెప్పవెంట్రుకలు, చెవులు తడిగుడ్డతో తుడవండి, గోళ్ల సందులు కడగండి. స్నానానికి సరిపడా నీళ్లు లేకపోతే బట్టలకింద లేని భాగాలన్నింటినీ, అంటే ముఖం, మెడ, చేతులు, తడిగుడ్డతో తుడిచినా చాలా మేలు. పెంపుడు కుక్క ఉంటే దానికీ ఇదే స్నానం. దాని బొచ్చు మోసుకొచ్చే ధూళి పిల్లల చేతులకే అంటుతుంది.

ఇది చేయకపోతే ఏమవుతుందో 1954 మార్చి 1న తెలిసింది. పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో అమెరికా పేల్చిన 15 మెగాటన్నుల క్యాజిల్ బ్రావో బాంబు పగడపు దిబ్బను పొడి చేసి పైకి లేపింది. 150 కిలోమీటర్లకు పైగా దూరంలోని రొంగెలాప్ దీవి మీద కొన్ని గంటల తరువాత తెల్లటి పొడి రాలింది. అదేమిటో అక్కడివాళ్లకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు దాంట్లో ఆడుకున్నారు. రెండు రోజుల తరువాత గానీ వాళ్లను అక్కడినుంచి తరలించలేదు. సుమారు రెండు వారాలకు తల, మెడ, పాదాల మీద, అంటే పొడి నిలిచిన చోటల్లా, బీటా కిరణాల కాలిన పుండ్లు తేలాయి, జుట్టు కుచ్చులుగా రాలింది. కొబ్బరినూనె రాసుకున్న తలలకు పొడి మరింతగా అతుక్కుంది. బట్టలు కప్పిన చోట చర్మం చాలావరకు బాగానే ఉంది. అదే పొడి జపాన్ చేపల పడవ లక్కీ డ్రాగన్ మీద కూడా పడింది. అందులో ఉన్నవాళ్లు 23 మంది.

ప్రశ్న: అయోడిన్ మాత్రలు ముందే కొని ఉంచుకుంటే రేడియేషన్ ఏమీ చేయదని విన్నాను. అవి దొరకకపోతే అయోడైజ్డ్ ఉప్పు నీళ్లలో కలిపి తాగొచ్చా?

జవాబు: వద్దు. ముందు మాత్ర సంగతి. పొటాషియం అయోడైడ్ థైరాయిడ్ గ్రంథిని మామూలు అయోడిన్‌తో నింపేస్తుంది, రేడియోధార్మిక అయోడిన్-131 వచ్చేసరికి అక్కడ చోటుండదు. అంతే దాని పని. బయటి గామాను ఆపదు, సీజియాన్ని ఆపదు, ఎముకల్లో రక్తకణాలు తయారుచేసే మూలుగను కాపాడదు.

మోతాదు వయసును బట్టి. పన్నెండేళ్లు దాటినవారికి 130 మిల్లీగ్రాములు, మూడు నుంచి పన్నెండేళ్ల వరకు 65, నెల నుంచి మూడేళ్ల వరకు 32, నెలలోపు పసికందుకు 16. అయోడిన్ శరీరంలోకి రావడానికి ముందు 24 గంటల్లో గానీ, వచ్చిన రెండు గంటల్లోపు గానీ వేసుకుంటే పూర్తి ఫలితం. ఎనిమిది గంటల దాకా కొంత మేలు. రోజు దాటాక వేసుకుంటే మేలుకన్నా కీడు ఎక్కువ కావచ్చు, అప్పటికే లోపల చేరిన రేడియోధార్మిక అయోడిన్‌ను బయటికి పోనివ్వదు. నలభై దాటినవారికి ప్రయోజనం చాలా తక్కువ. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మొదటి వరస. థైరాయిడ్ జబ్బున్నవాళ్లు, అయోడిన్ పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

ఇక ఉప్పు. 130 మిల్లీగ్రాముల మాత్రలో అయోడిన్ 100 మిల్లీగ్రాములు. కిలోకు 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పుతో అంత రావాలంటే మూడు కిలోలు దాటి తినాలి. ఆ ఉప్పే ముందు ప్రాణం తీస్తుంది. 2011లో ఫుకుషిమా ప్రమాదం తరువాత చైనాలో జనం ఎగబడి ఉప్పు కొన్నారు. ఎవరికీ ఉపయోగపడలేదు. గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ తాగడం మరీ ప్రమాదం.

ప్రశ్న: నీళ్లు మరిగిస్తే రేడియేషన్ పోతుందా? పాలు, కూరగాయల మాటేమిటి?

జవాబు: మరగడంతో క్రిములు చస్తాయి, అణువులు చావవు. నీరు ఆవిరై పోయి, మిగిలినదాంట్లో రేడియోధార్మికత ఇంకాస్త చిక్కబడుతుంది. ధూళి పడకముందే పట్టి మూతపెట్టిన నీళ్లు, మూసిన ట్యాంకు, గొట్టాల్లో నిలిచిన నీళ్లు, లోతైన మూతబావి నీళ్లు వాడొచ్చు. గుడ్డతోనో మట్టితోనో వడగడితే రేణువులు ఆగుతాయి, కరిగిన అయోడిన్ పూర్తిగా ఆగదు.

డబ్బాలో, సీసాలో, ఫ్రిజ్‌లో ఉన్న తిండి మంచిదే. గామా కిరణాలు దాన్ని తాకినంత మాత్రాన అది రేడియోధార్మికం కాదు. డబ్బా పైభాగం తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేసి, తరువాత మూత తీయండి. తోలు ఒలిచి తినే కాయల్ని కడిగి ఒలవండి. ఆకుకూరలు, బయట ఆరబెట్టిన ధాన్యం జోలికి వెళ్లకండి.

పాలతో జాగ్రత్త ఎక్కువ కావాలి. ధూళి పడ్డ గడ్డి మేసిన ఆవు పాలలో ఒకటి రెండు రోజుల్లోనే అయోడిన్-131 కనిపిస్తుంది. పసిపిల్లల చిన్న థైరాయిడ్‌లో అదంతా పోగవుతుంది. రొంగెలాప్‌లో పాల ద్వారా కాకపోయినా, తిండి, నీళ్ల ద్వారా ఇదే జరిగింది. అప్పుడు పదేళ్లలోపు ఉన్న పిల్లల్లో చాలామందికి తరువాతి ఏళ్లలో థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. ఆ పాలను పారబోయకుండా పొడిగానో జున్నుగానో మార్చి మూడు నెలలు దాస్తే అయోడిన్ రెండువేలో వంతుకు దిగుతుంది. సీజియం ఉందో లేదో కొలిచాకే వాడాలి.

ప్రశ్న: రేడియేషన్ తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ అంటుకుంటుందా?

జవాబు: ఎక్స్‌రే తీయించుకున్న మనిషి పక్కన కూర్చోడానికి భయపడతామా? ఇదీ అంతే. ఒంటిమీద పొడి ఉంటే మాత్రం ఆ పొడి అంటుతుంది, కడిగితే పోతుంది. గాయపడ్డవాడికి రక్తం కారుతుంటే ముందు అది ఆపండి. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉన్న వైద్యుడికి ఆ రోగి నుంచి వచ్చే ముప్పు అతి స్వల్పం.

ప్రశ్న: రేడియేషన్ ఎక్కువ తగిలితే వెంటనే తెలుస్తుందా? వాంతులు ఆగిపోతే గండం గడిచినట్టేనా?

జవాబు: గడిచినట్టు కాదు. అసలు మోసం ఉన్నదే అక్కడ.

ఒళ్లంతటికీ ఒక్కసారిగా 1 గ్రే దాటితే రేడియేషన్ జబ్బు మొదలవుతుంది. వాంతి ఎప్పుడు మొదలైందో చూసి డాక్టర్లు తొలి అంచనా వేస్తారు. రెండు గంటలు దాటాక వస్తే సుమారు 1 నుంచి 2 గ్రేలు. ఒకటి రెండు గంటల మధ్య వస్తే 2 నుంచి 4. గంటలోపే వస్తే 4 పైన. అరగంటలోపైతే 6 పైన. భయంతో కూడా వాంతులవుతాయి కాబట్టి ఇదొక్కటే నమ్మరు. ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి రక్తం తీసి లింఫోసైట్లు అనే తెల్లకణాల్ని లెక్కపెడతారు. అవి ఒకటి రెండు రోజుల్లో సగానికి పడిపోతే సంగతి తీవ్రమన్నమాట. మొదటి లెక్క ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, పోల్చడానికి ఆధారం అదే.

వాంతులు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. రోగి లేచి తిరుగుతాడు, తింటాడు, ఇంటికి పోతానంటాడు. ఈ సమయంలో లోపల మూలుగ కొత్త కణాలు తయారు చేయడం మానేసి ఉంటుంది. అప్పటికే రక్తంలో ఉన్న తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తమ ఆయుష్షు తీరి ఒక్కొక్కటే రాలిపోతుంటాయి, వాటి స్థానంలోకి వచ్చేవి లేవు. మూడు నాలుగు వారాలకు లెక్క అట్టడుగుకు చేరుతుంది. చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద ఊదా చుక్కలు, జ్వరం, మామూలు క్రిములతోనే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్. 3 గ్రేలు దాటినవాళ్లకు రెండు మూడు వారాలకు జుట్టు ఊడుతుంది. వైద్యం అందకపోతే 3.5 నుంచి 4.5 గ్రేల మధ్య సగంమంది రెండు నెలల్లోపు పోతారు. 10 దాటితే పేగు లోపలి పొర చిరిగిపోతుంది, దానికి నిలవడం అరుదు.

వైద్యం ఉంది. మూలుగను మేల్కొలిపే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు తొలి రోజే మొదలుపెడితే మేలు. యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్లు, ఎవరి దగ్గు తగలని గది. శస్త్రచికిత్స అవసరమైతే మొదటి 36 నుంచి 48 గంటల్లో ముగించాలి, లేదంటే మూలుగ కోలుకునేదాకా వాయిదా వేయాలి. మధ్యలో కోస్తే గాయం మానదు. సీజియం మింగినవారికి ప్రష్యన్ బ్లూ ఇస్తారు, అది నీలం రంగు పొడే. పెద్దలకు 3 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు. పేగులో సీజియాన్ని పట్టుకుని మలంతో బయటికి తీసుకెళుతుంది. శరీరంలో సీజియం సగం కావడానికి పట్టే 110 రోజులు దాదాపు 30కి తగ్గుతుంది. మలం నీలంగా వస్తే కంగారు పడొద్దు. ప్లుటోనియం లోపలికి పోతే, దాన్ని పట్టుకుని మూత్రంతో బయటికి పంపే డీటీపీఏ మందు ఇంజెక్షన్.

ప్రశ్న: బతికి బయటపడ్డవాళ్లకు తరువాత అందరికీ క్యాన్సర్ వస్తుందా? వాళ్ల పిల్లలు అవిటివాళ్లుగా పుడతారా?

జవాబు: రెండూ అతిశయోక్తులే, రెండింట్లోనూ కొంత నిజం ఉంది. హిరోషిమా, నాగసాకి బాధితుల్ని 1940ల చివరి నుంచి ఇప్పటిదాకా గమనిస్తున్నారు. ఇంత పెద్ద, ఇంత పొడవైన పరిశీలన రేడియేషన్ విషయంలో మరొకటి లేదు. రెండేళ్లకే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పెరగడం మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్లకు శిఖరానికి చేరి, తగ్గుతూ వచ్చింది. గడ్డల క్యాన్సర్లు పదేళ్ల తరువాత మొదలై, జీవితాంతం వెంటాడాయి. రేడియేషన్ తగిలినవాళ్లలో వచ్చిన గడ్డల క్యాన్సర్లలో సుమారు పదోవంతుకు అది కారణం. మిగతావి ఎలాగూ వచ్చేవే. వెయ్యిమందికి తలా 100 మిల్లీసీవర్టులు తగిలితే అదనంగా అయిదుగురు క్యాన్సర్‌తో పోవచ్చని అంతర్జాతీయ రక్షణ లెక్క.

బాంబు తరువాత బాధితులకు పుట్టిన దాదాపు 77,000 మంది పిల్లల్ని పరిశీలించారు. జన్యులోపాలు గుర్తించదగినంతగా పెరిగినట్టు కనిపించలేదు. ఈగల్లో, ఎలుకల్లో రేడియేషన్ జన్యుమార్పులు తెస్తుందని రుజువైంది కాబట్టి ముప్పు సున్నా అని ఎవరూ అనరు. బాంబు పడేనాటికి కడుపులో ఉన్నవాళ్ల కథ వేరు. 8 నుంచి 15 వారాల పిండానికి ఎక్కువ మోతాదు తగిలితే తల చిన్నదిగా, బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లలున్నారు. మెదడు కణాలు పుట్టి, తమ చోటికి ప్రయాణించే వారాలవి. ఈ రెండు సంగతుల్ని కలిపేయడం వల్లే బాధితుల ఆడపిల్లలకు పెళ్లిళ్లు కాక, జబ్బు లేకుండానే శిక్ష పడింది.

ప్రశ్న: అణుధూళి పడ్డ పొలంలో మళ్లీ పంట వేయొచ్చా? మట్టి ఎన్నేళ్లకు బాగవుతుంది?

జవాబు: ఏ మట్టి అన్నదే అసలు ప్రశ్న. మొదటి రెండు మూడు నెలలు అయోడిన్‌వి. ఆ తరువాత దశాబ్దాలు రెండింటివి: 30 ఏళ్లకు సగమయ్యే సీజియం-137, 29 ఏళ్లకు సగమయ్యే స్ట్రాన్షియం-90. సీజియం పొటాషియానికి తోడబుట్టినట్టుంటుంది, మొక్క దాన్ని ఎరువనుకుని తాగేస్తుంది. స్ట్రాన్షియం కాల్షియం వేషం వేసి ఎముకలో చేరుతుంది.

బంకమట్టి ఉన్న నేలలో సీజియం ఆ మట్టి పలకల సందుల్లో ఇరుక్కుని బయటికి రాదు. పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే ఏళ్లతరబడి ఉండిపోతుంది, గింజలోకి వెళ్లేది కొంచెమే. బికినీలో బంకమట్టి లేదు, అంతా పగడపు సున్నం, పొటాషియం కరువు. 1970లలో కొందరు తిరిగి వచ్చి అక్కడి కొబ్బరికాయలు తిన్నారు. వాళ్ల ఒంట్లో సీజియం పెరుగుతూ పోవడంతో 1978లో మళ్లీ ఖాళీ చేయించారు. బయట నేలమీది రేడియేషన్ కన్నా కొబ్బరి నీళ్లు ఎక్కువ హాని చేశాయన్నమాట. తరువాత చేసిన ప్రయోగాల్లో చెట్ల మొదట్లో పొటాషియం ఎరువు పోస్తే కాయల్లో సీజియం పదోవంతుకన్నా కిందికి దిగింది. మామూలు పొటాష్ ఎరువే.

పైమట్టి చెక్కెయ్యడం ఇంకో దారి. ఫుకుషిమా చుట్టుపక్కల సుమారు అయిదు సెంటీమీటర్ల మట్టి తీశారు. నేల శుభ్రపడింది, కానీ సంచుల్లో కోటి ఘనపు మీటర్లకు పైగా మట్టి మిగిలింది, సారమంతా కూడా దాంతోపాటే పోయింది. సమస్యను చోటు మార్చడమే తప్ప తీర్చడం కాదు. లోతుగా దున్ని పైమట్టిని అడుగుకు తిప్పేయడం చవక. స్ట్రాన్షియానికి సున్నం వేస్తారు. ఇవన్నీ చేసినా అడవి పుట్టగొడుగులు మాత్రం తినొద్దు, సీజియాన్ని అవి పోగేసుకుంటాయి.

24,100 ఏళ్లకు సగమయ్యే ప్లుటోనియం-239 సంగతి వేరు. మొక్క దాన్ని పెద్దగా తీసుకోదు, మింగినా పేగులోంచి రక్తంలోకి వెళ్లేది అతి తక్కువ. ఊపిరితిత్తుల్లో దిగితేనే ప్రమాదం. పసిఫిక్‌లోనే ఉన్న ఎనివెటాక్ దీవుల్లో 1958 నాటి అణుపరీక్ష గుంతలో ఇలాంటి చెత్తను పోసి, 1980 నాటికి దానిమీద 46 సెంటీమీటర్ల కాంక్రీటు మూత వేశారు. రూనిట్ గోపురం అదే. అడుగున మాత్రం ఏ పొరా వేయలేదు. అందరూ ఆ గోపురం పగుళ్లనే ఫొటోలు తీస్తారు గానీ, పక్కనున్న ఉప్పునీటి మడుగు అడుగు మట్టిలో ఉన్న ప్లుటోనియం గోపురం లోపలి దానికన్నా ఎక్కువ.

ప్రశ్న: పాత పరీక్షల ధూళి మన ఒంట్లో కూడా ఉందంటారు. నిజమా?

జవాబు: నిజమే. 1963లో గాల్లో పరీక్షల్ని నిషేధించే ఒప్పందం కుదిరేలోపు వందల బాంబులు పేలాయి. వాటి న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ను కార్బన్-14గా మార్చడంతో ఉత్తరార్ధగోళపు గాలిలో అది దాదాపు రెట్టింపైంది. మొక్కలు పీల్చాయి, మనం తిన్నాం. దానివల్ల తగిలే మోతాదు చాలా చిన్నది. ఒకసారి గట్టిపడ్డ పంటి ఎనామెల్ మళ్లీ మారదు కాబట్టి, అందులోని కార్బన్-14 కొలిచి, పేరూ ఊరూ తెలియని శవం ఏ ఏడాది పుట్టిన మనిషిదో ఒకటి రెండేళ్ల తేడాతో నేర పరిశోధకులు చెప్పేస్తున్నారు.